ఇద్దరికీ అదే న్యుమోనియా, ఒకరికే వెంటిలేటర్: పొగకీ మందుకీ పనికీ సంబంధం ఉందా?

విభాగం: ఆరోగ్యం, ఉత్తరాంధ్ర

నాగావళిగట్టు (రాజాం), ఆదివారం రాత్రి 9.12

అందరికీ నమస్కారం. ఇక్కడ వైద్యం తెలిసినవాళ్లు ఉన్నారని అడుగుతున్నాను.

మా చిన్నాన్నకి 52 ఏళ్లు. తాపీ పని, ఈమధ్య ఎక్కువగా టైల్స్ వేస్తున్నాడు. బీడీలు కాలుస్తాడు, సాయంత్రం పని దిగాక మందు. షుగరు లేదు, బీపీ లేదు, ఆసుపత్రి గుమ్మం ఎక్కి ఎరగడు. మొన్న జ్వరం, దగ్గు వస్తే న్యుమోనియా అన్నారు. చూస్తుండగానే ఆయాసం పెరిగిపోయింది. విజయనగరం తీసుకెళ్తే ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి, లోపల నీరు నిండిపోయే జబ్బు ఏఆర్‌డీఎస్ అని వెంటిలేటర్ పెట్టారు. మా వీధిలోనే 60 దాటిన ఇంకో ఆయనకి అప్పుడే న్యుమోనియా వచ్చింది. ఆయన ఆక్సిజన్ పెట్టించుకుని, ఇంజెక్షన్లు చేయించుకుని వచ్చేసి అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు.

డాక్టరు గారు మా పిన్నిని పదేపదే మూడు ప్రశ్నలు అడిగారు. పొగ ఎంత, మందు ఎంత, చేసే పనేమిటి. పిన్నికి ఒళ్లు మండిపోయింది. "మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఇప్పుడీ తాగుడు లెక్కలు ఏటి?" అంది. నాకూ అదే అనుమానం. నిజంగా సంబంధం ఉందా, లేక రేపు ఏమైనా అయితే తప్పు మన మీదికి నెట్టడానికా?

ఐసీయూఅక్క (విజయనగరం), ఆదివారం రాత్రి 9.55

తమ్ముడూ, ముందు ధైర్యంగా ఉండండి. నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. మీరు చెప్పిన ఆసుపత్రి ఏదో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ ఆ ప్రశ్నలు మేమూ రోజూ అడుగుతాం.

మందు సంగతి ఎందుకంటే, రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్, గొంతులో గొట్టం పీకేసుకోవడం. ముందే తెలిస్తే దానికి మందులు, బి1 విటమిన్ మొదలుపెడతాం. తెలియకపోతే జ్వరం తలకెక్కిందేమో, మెదడులో ఇంకేదైనా అయిందేమో అని స్కానులకి పరిగెడతాం. ఇంట్లోవాళ్లని అడిగితే తొంభై శాతం మంది "ఎప్పుడైనా పెళ్లిళ్లలోనండీ" అంటారు. అవతల పేషెంటు నిద్రలో గ్లాసు పట్టుకున్నట్టు చెయ్యి చాపుతుంటాడు! క్వార్టరా, హాఫా, నాటుసారానా, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, ఇవి సూటిగా చెప్పమనండి మీ పిన్నిగారిని. పరువు తక్కువేమీ కాదు.

పని ఎందుకంటే, రాయి దుమ్ములో పనిచేసేవాళ్లకి టీబీ ఎక్కువ. ఆ పరీక్ష ముందే పంపుతారు.

చుట్టతాత (నరసన్నపేట), ఆదివారం రాత్రి 10.20

ఇవన్నీ పుస్తకాల కబుర్లు. మా తాత చుట్ట ఆరకుండా 90 ఏళ్లు బతికాడు. కల్లు కూడా. ఎరువుల తిండి తిని, ఏసీల్లో కూర్చుని ఊపిరితిత్తులు పాడుచేసుకుని బీడీ మీద పడితే ఎలా?

మూడోఅంతస్తు (విశాఖపట్నం, మాది పార్వతీపురం), ఆదివారం రాత్రి 11.38

డ్యూటీ దిగి చూశాను. ఛాతీ వైద్యంలో పీజీ చేస్తున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడ చాలా పల్చన. గోడకి అటు రక్తం, ఇటు గాలి. న్యుమోనియా గానీ, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ గానీ, పెద్ద యాక్సిడెంటు గానీ, క్లోమం వాపు గానీ, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం గానీ జరిగినప్పుడు కొందరిలో శరీరం చేసే ఎదురుదాడికి ఈ గోడే దెబ్బతింటుంది. రక్తంలోని నీరు, ప్రోటీను గాలి గదుల్లోకి కారిపోతాయి. గుండె బాగానే ఉన్నా ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. ఏఆర్‌డీఎస్ అంటే ఇదే. 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు 12 మంది రోగుల్లో ఈ తీరు గమనించి మొదటిసారి రాశారు.

చుట్టతాత గారూ, మీ తాతగారి మాట కొట్టిపారేయను. కాల్చిన ప్రతివాడికీ ఇది రాదు. ఒట్టి పొగ, ఒట్టి మందు దీన్ని తెప్పించవు. పైనుంచి ఒక దెబ్బ తగలాలి. కానీ అదే దెబ్బ తగిలిన వందమందిలో ఎవరు ఇందులోకి జారిపోతారన్నది ఎన్నో ఏళ్లుగా చూస్తున్న ప్రశ్న. 1996లో 351 మంది రోగులను పరిశీలించారు. అందరికీ ఇది వచ్చే ప్రమాదం ఉన్న జబ్బులే. తాగుడు అలవాటు ముదిరినవాళ్లలో 43 శాతం మందికి వచ్చింది, మిగతావాళ్లలో 22 శాతానికి. దాదాపు రెట్టింపు. గాలి గదుల లోపలి పొరలో గ్లూటాథయోన్ అని ఒక రక్షక పదార్థం ఉంటుంది. రోజూ తాగేవాళ్లలో అది బాగా తగ్గిపోతుంది. పైగా మత్తులో పొలమారినా దగ్గు సరిగా రాదు, నోట్లోది లోపలికి పోతుంది.

పొగ గురించి 2011లో ఇంకో పరిశోధన వచ్చింది. యాక్సిడెంట్లలో దెబ్బలు తగిలి చేరినవాళ్ల రక్తంలో కొటినిన్ కొలిచారు. నికోటిన్ ఒంట్లోకి పోయాక మిగిలే గుర్తు అది, నోటిమాటతో పని లేదు. కాల్చేవాళ్లకే కాదు, పక్కవాళ్ల పొగ బాగా పీల్చేవాళ్లకి కూడా ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. తగిలింది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కాదు, బండి గుద్దిన దెబ్బ! అయినా తేడా వచ్చింది.

వంశధారరైతు (హిరమండలం), సోమవారం ఉదయం 5.50

డాక్టరు బాబు చెప్పింది నాకు ఇలా అర్థమైంది. వరద అందరి చెరువుకీ వస్తాది. ఎండ్రకాయలు కన్నాలు పెట్టిన గట్టు ముందు తెగుతాది. వరద రాని ఏడు ఆ గట్టూ బాగానే కనిపిస్తాది. తాతగారి చెరువుకి వరద రాలేదేమో.

చుట్టతాత (నరసన్నపేట), సోమవారం ఉదయం 7.15

సరే బావూ, గట్టు మాట బాగుంది. కానీ మా తాతకి మలేరియా రెండుసార్లు వచ్చింది, అది వరద కాదేటి?

బారువతీరం (సోంపేట), సోమవారం ఉదయం 8.02

పక్కవాళ్ల పొగ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మమ్మది అడ్డపొగ. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. మావైపు పెద్దవయసు ఆడవాళ్లలో ఇప్పటికీ ఉంది. సముద్రం గాలికి ఆరిపోదంటారు, పని చేసుకుంటూ చేతులు ఖాళీగా ఉంటాయంటారు. చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేస్తుంది, బూడిద మాత్రం పక్కకి తెలివిగా ఊసేస్తుంది. చిన్నప్పుడు మేమందరం ఆమె పక్కనే పడుకునేవాళ్లం. ఇప్పుడు మా అక్క చంటిబిడ్డతో పురిటికొచ్చి ఆ గదిలోనే ఉంది. నిప్పు లోపలే ఉంటుంది కదా, బయటికి పొగ తక్కువేనా?

మూడోఅంతస్తు, సోమవారం మధ్యాహ్నం 2.10

తక్కువేమీ కాదు. ఆవిడ నోటి నుంచి, ముక్కు నుంచి వచ్చే పొగంతా ఆ గదిలోనే ఉంటుంది. చంటిబిడ్డని ఈరోజే వేరే గదిలోకి మార్చండి. పొగ ఉన్న ఇంట్లో పిల్లలకి న్యుమోనియా ఎక్కువ, ఇందులో రెండో మాట లేదు. అడ్డపొగకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా పేరు ప్రపంచ వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది దీనివల్లే. వేడి నేరుగా అంగిలికి తగిలి తెల్లమచ్చలు, ఆ తర్వాత కొందరికి క్యాన్సర్. అమ్మమ్మగారిని ఒకసారి నోరు తెరిపించి టార్చ్‌తో పైకి చూడండి. గరుకుగా తెల్లగా ఉన్నా, మధ్యలో ఎర్రగా పుండులా ఉన్నా శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో దంత విభాగంలోనో, ఈఎన్‌టీలోనో చూపించండి.

బారువతీరం, సోమవారం మధ్యాహ్నం 2.31

బిడ్డని మార్చేశాం. అమ్మమ్మ నోరు తెరవడానికి మాత్రం ఒప్పుకోవట్లేదు, "నా నోట్లో నీకేటి పని" అంటోంది. అక్క ప్రయత్నిస్తానంది.

షుగర్‌బాబాయ్ (బొబ్బిలి), సోమవారం సాయంత్రం 6.44

షుగరు ఉన్నవాళ్లకి ఈ జబ్బు ఇంకా ఎక్కువగా వస్తుందా? నాకు పన్నెండేళ్లుగా ఉంది. చదువుతుంటేనే టెన్షన్ వస్తోంది.

మూడోఅంతస్తు, సోమవారం రాత్రి 9.05

మీకో వింత చెప్తాను. 2000లో సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి బీపీ పడిపోవడం) రోగుల మీద చేసిన పరిశీలనలో షుగరు ఉన్నవాళ్లలో 25 శాతం మందికి ఏఆర్‌డీఎస్ వస్తే, లేనివాళ్లలో 47 శాతానికి వచ్చింది. తర్వాత వచ్చిన చాలా పరిశోధనల్లోనూ అదే ధోరణి. ఎందుకో ఇప్పటికీ వాదన నడుస్తోంది. షుగరులో తెల్లరక్తకణాల ఎదురుదాడి మందగించడం ఒక కారణం కావచ్చంటారు. లావు విషయంలోనూ ఇలాంటిదే ఉంది. బాగా లావున్నవాళ్లకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ, వచ్చాక చనిపోయే అవకాశం మాత్రం ఆ మేరకు పెరగలేదు.

అలాగని లడ్డూలు మొదలెట్టకండి బాబాయ్. షుగరు అదుపులో లేకపోతే అసలు ఇన్ఫెక్షన్లే ఎక్కువ, టీబీ ఎక్కువ. వరద ఎక్కువసార్లు వస్తుందన్నమాట.

సుగంధిఆకులు, సోమవారం రాత్రి 9.30

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకులు, సోమవారం రాత్రి 9.41

వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ముక్కులో ఆకుపసరు పొయ్యమని రాసిన పోస్టు తీసేశాం. దయచేసి ఇక్కడ అలాంటివి వద్దు.

గరివిడివెల్డర్ (గరివిడి), మంగళవారం ఉదయం 6.20

పని సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మా వైపు మాంగనీసు గనులు, ఫెర్రో అల్లాయ్స్ కొలుములు. నేను వెల్డింగ్. జింకు పూత ఉన్న పైపులు మూసిన షెడ్డులో వెల్డింగ్ చేస్తే ఆ రాత్రి చలి జ్వరం, నోట్లో ఇనప రుచి. తెల్లారేసరికి పోతుంది. అందరికీ అలవాటే, పాలు తాగితే పోతుందంటారు. ఇది కూడా ఆ గట్టుకి కన్నాలు పెట్టేదేనా?

మూడోఅంతస్తు, మంగళవారం మధ్యాహ్నం 1.48

ఆ జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, పాలకి ఆ ఘనత ఇవ్వక్కర్లేదు. అసలు సంగతి వేరే. వెల్డర్లకి న్యుమోనియా, అందులోనూ న్యుమోకాకస్ అనే బాక్టీరియాతో వచ్చే తీవ్రమైన న్యుమోనియా ఎక్కువ. లోహపు పొగ పీల్చినప్పుడు ఆ క్రిమి గాలి గొట్టాల గోడకి తేలిగ్గా అతుక్కుంటుందని చెప్తారు. అందుకే బ్రిటన్‌లో లోహపు పొగలో పనిచేసే వెల్డర్లకి న్యుమోనియా టీకా వేయించుకోమని ప్రభుత్వమే సలహా ఇస్తుంది. మన దగ్గర వెల్డరుకి ఆ మాట చెప్పేవాళ్లని నేను చూడలేదు. మీరు తప్పకుండా అడిగి వేయించుకోండి. షెడ్డు తలుపులు తెరిచి, పొగ మొహం మీదికి కాకుండా పక్కకి పోయేలా ఫ్యాను పెట్టుకోండి.

మాంగనీసు దుమ్ముకి నరాల జబ్బు పేరు పెద్దది. నడక మారడం, మాట తడబడడం లాంటివి ఉంటే అది వేరే పరీక్ష.

పైడిభీమవరంషిఫ్ట్ (రణస్థలం), మంగళవారం రాత్రి 10.15

నేనొక మందుల కంపెనీలో షిఫ్టులో పనిచేస్తాను, పేరు వద్దు. ఒకసారి పైపు జాయింట్ దగ్గర ఘాటు గ్యాస్ లీకైంది. నలుగురం దగ్గి, కళ్లు కడుక్కుని బయటికొచ్చాం. గంటలో బాగానే ఉంది. సూపర్‌వైజరు ఇంటికెళ్లి పడుకోమన్నాడు. ఒకతనికి అర్ధరాత్రి ఆయాసం వచ్చి 108లో తీసుకెళ్లారు. మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు. అప్పుడు బాగుండి తర్వాత ఎందుకు అలా అయింది?

ఐసీయూఅక్క, మంగళవారం రాత్రి 11.00

ఇది అందరూ చదవండి దయచేసి. కొన్ని గ్యాసులు పైన గొంతులో మంట పెట్టి తరిమేస్తాయి, అమ్మోనియా అలాంటిది. కొన్ని నెమ్మదిగా లోపలికి దిగుతాయి. నైట్రోజన్ డయాక్సైడ్, ఫాస్జీన్ లాంటివి పీల్చినవాళ్లు గంటల తరబడి మామూలుగానే తిరుగుతారు, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఒక్కోసారి 24 గంటలు కూడా పడుతుంది. అందుకే ఇంటికి పంపకుండా అబ్జర్వేషన్‌లో పెట్టాలి, ఆ సమయంలో పరిగెత్తడం, బరువులు మొయ్యడం కూడా కూడదు. ఏ గ్యాసో పేరు రాసిన కాగితం పేషెంటుతో పంపితే మాకు సగం పని తగ్గుతుంది. 2020 మే 7న వెంకటాపురం స్టైరీన్ గ్యాస్ లీకు రోజు విశాఖలో ఏం జరిగిందో అందరం చూశాం, 12 మంది పోయారు.

కంపెనీలే కాదు. బాత్రూం యాసిడ్‌లో బ్లీచింగ్ కలిపి తలుపేసుకుని కడగడం వల్ల వచ్చిన కేసులు చూశాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్. "రెండూ వేస్తే ఇంకా తెల్లగా వస్తుంది కదా" అంటారు పాపం. ఇంకోటి, గడ్డిమందు కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టకండి. పారాక్వాట్ అయితే ఒక్క గుక్క చాలు, దాన్ని ఊపిరితిత్తులే ఏరి పోగుచేసుకుంటాయి. పొరపాటున నోట్లో పడితే వాంతి కోసం కూర్చోకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తేవాలి.

కోటబురుజు (విజయనగరం), బుధవారం ఉదయం 9.10

ఊళ్లలో గాలి స్వచ్ఛం, పట్నంలోనే కాలుష్యం అనుకుంటాం కదా. దాని మాటేమిటి?

మూడోఅంతస్తు, బుధవారం మధ్యాహ్నం 3.25

బయటి గాలికీ దీనికీ లింకు ఉంది. 2016లో అమెరికాలో వచ్చిన పరిశోధనలో, ఓజోన్ ఎక్కువున్న చోట ఏళ్లుగా నివసించినవాళ్లు ప్రమాదకర స్థితిలో ఐసీయూకి వచ్చినప్పుడు ఈ జబ్బు ఎక్కువగా వచ్చింది, పొగతాగేవాళ్లలో మరీను. ఈ ఓజోన్ ఏ గొట్టం నుంచీ నేరుగా రాదు. బండ్ల పొగ, రసాయనాల ఆవిరి మీద ఎండ పడితే తయారవుతుంది. సన్నటి ధూళి సంగతికొస్తే, పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు హద్దు 40.

ఇక ఊరి గాలి. వీధిలో బాగానే ఉంటుంది, వంటింట్లో కాదు. కిటికీ లేని వంటగదిలో పుల్లల పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ పీల్చేది ఏ హైవే పక్కనా ఉండదు. కట్టెల పొగకీ ఏఆర్‌డీఎస్‌కీ నేరుగా ముడిపెట్టే పెద్ద పరిశోధనలు తక్కువ. కానీ న్యుమోనియా, సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఆయాసం జబ్బు) పెరుగుతాయన్నది గట్టిగా తేలింది.

పలాసపిక్కలు (కాశీబుగ్గ), బుధవారం సాయంత్రం 5.00

గ్యాసు సిలిండరు మా ఇంట్లోనూ ఉంది. అది టీకి, చుట్టాలొస్తే. అన్నం, స్నానాల నీళ్లు జీడిపిక్కల తొక్కు మీదే. తొక్కులో నూనె ఉంటుంది కాబట్టి భగ్గున మండుతుంది, ఆ నల్ల పొగకి కళ్లు, గొంతు మండిపోతాయి. అమ్మ పిక్కల బట్టీలో పనిచేసిన మనిషి, ఆవిడకి అది పొగలాగే అనిపించదు. నీళ్ల పొయ్యి పెరట్లోకి మార్చమని నెత్తీ నోరూ బాదుకుంటున్నా. "వర్షమొస్తే నువ్వు గొడుగు పడతావా?" అంటుంది.

అడ్డాకులు (సాలూరు), బుధవారం రాత్రి 8.37

ఒక మాట. ఇదంతా చదివితే జబ్బు పడినవాడిదే తప్పన్నట్టు ఉంది. మా అన్నకి ఒక్క అలవాటు లేదు. పశువులకి గడ్డి కోసుకొచ్చేవాడు. జ్వరమొచ్చి ఇదే జబ్బుతో వెంటిలేటర్ దాకా వెళ్లాడు. చివరికి స్క్రబ్ టైఫస్ అన్నారు. నడుం దగ్గర బట్ట కట్టే చోట సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లమచ్చ. అంతకుముందు చూపించిన చోట ఎవరూ చొక్కా విప్పించి చూడలేదు. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుతో తేరుకున్నాడు.

మూడోఅంతస్తు, బుధవారం రాత్రి 10.52

మీరన్నది నిజం. పొదల్లో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది అది. ఏజెన్సీలో మలేరియా, ముంపు నీళ్లలో తిరిగితే ఎలుక జ్వరం, ఇవీ ఇదే దారిన ఊపిరితిత్తులు ముంచేస్తాయి. గడ్డి కోసేవాడికి గడ్డిలోకి వెళ్లకు అని ఎవరు చెప్పగలరు? టైల్స్ కోసేవాడు ఆ దుమ్ము సరదాకి పీల్చడు. పొగ, మందు గురించి గట్టిగా మాట్లాడేది అవి మన చేతిలో ఉన్నాయి కాబట్టి. దుమ్ము సంగతి మేస్త్రీనీ, కాంట్రాక్టరునీ అడగాలి. జ్వరంతో వచ్చిన మనిషిని ఒళ్లంతా చూడకపోవడం మాత్రం మా వైపు తప్పు.

నాగావళిగట్టు, గురువారం ఉదయం 7.30

అందరికీ దండాలు. పిన్నికి ఐసీయూఅక్క మాట చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత డాక్టరు దగ్గరికెళ్లి రోజూ హాఫ్ అని చెప్పేసింది. చిన్నాన్నని బోర్లా పడుకోబెడుతున్నారు, ఆక్సిజన్ కొంచెం మెరుగట. వెంటిలేటర్ గాలి చాలా తక్కువ తక్కువగా ఇస్తున్నారని మా బావమరిది కంగారు పడుతున్నాడు. డబ్బు కట్టినంత గాలి ఇవ్వరా అని గొడవకి దిగబోయాడు.

ఐసీయూఅక్క, గురువారం ఉదయం 8.05

ఆపండి మీ బావమరిదిని! తక్కువ గాలే మంచి వైద్యం. 2000లో పెద్ద పరిశోధన చేసి తేల్చారు. ఎత్తుని బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకి 12 మిల్లీలీటర్లు ఇచ్చినప్పుడు సుమారు 40 శాతం మంది పోతే, 6 ఇచ్చినప్పుడు 31 శాతానికి తగ్గింది. ఎక్కువ ఊదితే బాగున్న గదులు కూడా చిరుగుతాయి. బోర్లా పడుకోబెట్టడం కూడా మంచి గుర్తే, వాళ్లకి పని తెలుసు.

బయటపడ్డాక నెలల తరబడి నీరసం ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం, రాత్రుళ్లు భయం. ఊపిరితిత్తులు చాలామందిలో నెమ్మదిగా కోలుకుంటాయి, కాళ్ల బలమే ఆలస్యం. కోలుకున్నాడు కదా అని వెంటనే పనిలోకి పంపకండి.

నాగావళిగట్టు, గురువారం మధ్యాహ్నం 12.18

సరే అక్కా. ఇంకొక్కటి. మా ఊరి కుర్రాళ్లు ఆరుగురు ఆయనతోనే టైల్స్ పని చేస్తారు. మూతికి తువ్వాలు కట్టుకుంటారు. అది చాలా?

టెక్కలిరాయి (టెక్కలి), గురువారం మధ్యాహ్నం 1.40

చాలదు బ్రదర్. నేను గ్రానైట్ క్వారీలో చేసి మానేసినవాణ్ని, నాకు సిలికోసిస్ (రాయి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) ఉంది కాబట్టి చెప్తున్నా. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో ఆగుతుంది, కనిపించనిది లోపలికి పోతుంది, తువ్వాలు దాన్ని ఆపదు. మొదట చెయ్యాల్సింది గ్రైండర్ బ్లేడు మీద నీళ్లు పడేలా సన్న పైపు పెట్టడం. తడిపి కోస్తే దుమ్ము లేవదు. కరెంటు భయం ఉంటుంది, అందుకని నీళ్లతో వాడే మెషీనే కొనండి, మామూలు దానికి పైపు కట్టకండి. ఎర్త్ ఉన్న ప్లగ్గు, ట్రిప్పర్ తప్పనిసరి. గదిలో కాదు, ఆరుబయట కొయ్యండి. పొడి చీపురుతో ఊడవద్దు, తడిపి ఊడవండి. ఇవన్నీ చేశాక ఎన్95. పనిచేసే చోట బీడీ ముట్టించవద్దు, రెండూ కలిస్తే మరీ చేటు.

నాగావళిగట్టు, గురువారం మధ్యాహ్నం 2.06

ఎన్95 కొంటే గెడ్డం ఉన్నవాళ్లకి పర్వాలేదా? ఆరుగురిలో నలుగురికి గెడ్డాలే, సినిమా హీరోల్లా.

టెక్కలిరాయి, గురువారం మధ్యాహ్నం 2.15

గెడ్డం ఉంటే మాస్కు చర్మానికి అతకదు, సందుల్లోంచి దుమ్ము పోతుంది. మీసం ఉంచుకోమను, గెడ్డం తియ్యమను. పెళ్లి కావాల్సినవాళ్లు ఒప్పుకోకపోతే వాళ్లకి కోసే పని వద్దు, గుజ్జు కలిపే పని ఇవ్వు. సిమెంటు బస్తా మాత్రం గాలివాటు చూసుకుని విప్పమని చెప్పు.